ఫైర్‌ఫాక్స్‌లో దాచిన పాస్‌వర్డ్‌లు నిండటం లేదు, 20వ తేదీ దగ్గరపడింది, సాయం చేయండి

లెక్కలపుస్తకం
వారం రోజులుగా నా ల్యాప్‌టాప్‌లో ఫైర్‌ఫాక్స్ పాస్‌వర్డ్‌లు నింపట్లేదు. ఇదివరకు పేజీ తెరవగానే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ రెండూ వచ్చి ఉండేవి, నేను లాగిన్ నొక్కితే చాలు. ఇప్పుడు మెయిల్, కరెంటు బిల్లు, బ్యాంకు, ఎక్కడ చూసినా గళ్లు ఖాళీ. మా ఊళ్లో 14 చిన్న షాపులకు లెక్కలు రాసి జీఎస్టీ రిటర్నులు వేస్తాను. 20వ తేదీకల్లా 3బీ అనే రిటర్ను వేయాలి, ఈ రోజు 16. ఆ 14 పాస్‌వర్డ్‌లూ ఇందులోనే దాచాను. అవి కూడా పోయాయేమోనని ఆ సైటు తెరవడానికే భయంగా ఉంది. విండోస్ 11. స్లోగా ఉందని పోయిన వారం ల్యాప్‌టాప్ రిపేరు షాపులో ఇచ్చి తెచ్చుకున్నాం. అప్పటినుంచే ఇలా. టెన్షన్‌తో రాత్రిళ్లు నిద్ర పట్టట్లేదు.

బందరు_బాబు
అన్‌ఇన్‌స్టాల్ చేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేసేయండి మేడమ్. నాకు ఏ ప్రోగ్రామ్ మొరాయించినా అదే మందు.

ఓరుగల్లు_టెక్
అక్కా, దయచేసి ఇప్పుడే ఏదీ తీసేయొద్దు, రీసెట్ చేయొద్దు, క్లీనర్ సాఫ్ట్‌వేర్లు అసలే నడపొద్దు. ముందు ఒక్క సంగతి తేల్చుకోవాలి. పాస్‌వర్డ్‌లు పోయాయా, లేక ఉండి కూడా నిండట్లేదా? ఇవి రెండూ పూర్తిగా వేరు జబ్బులు. చాలామంది రెండోది వచ్చినప్పుడు మొదటిది అనుకొని కంగారులో ఏదో ఒకటి నొక్కి, నిజంగానే పోగొట్టుకుంటారు.

అడ్రస్ బార్‌లో అబౌట్, కోలన్, లాగిన్స్ అని ఖాళీ లేకుండా ఇంగ్లీషులో (about:logins) కొట్టి ఎంటర్ నొక్కండి. ఎడమవైపు సైట్ల జాబితా వస్తుంది. అందులో ఎన్ని ఉన్నాయో చెప్పండి చాలు. ఏమీ మార్చొద్దు. ఆ తెర ఫోటో కూడా ఇక్కడ పెట్టొద్దు.

బందరు_బాబు
@ఓరుగల్లు_టెక్ నేను చెప్పిన దాంట్లో తప్పేముంది? కొత్తగా వేస్తే పాడైన ఫైళ్లు సరవుతాయి కదా.

ఓరుగల్లు_టెక్
ప్రోగ్రామ్ వేరు, మన సామాను వేరు బాబూ. పాస్‌వర్డ్‌లు, బుక్‌మార్కులు, సెట్టింగులు అన్నీ ప్రొఫైల్ అనే ఫోల్డర్‌లో ఉంటాయి. ఫైర్‌ఫాక్స్ తీసేసినా మామూలుగా ఆ ఫోల్డర్ అలాగే ఉంటుంది. కాబట్టి తప్పు సెట్టింగ్‌లో ఉంటే, మళ్లీ వేశాక అదే సెట్టింగ్ తిరిగొస్తుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. 2019లో వచ్చిన 67వ వెర్షన్ నుంచి ఒక్కో ఇన్‌స్టలేషన్‌కి వేరే ప్రొఫైల్ కేటాయిస్తున్నారు. కొత్తదాన్ని వేరే ఫోల్డర్‌లో వేస్తే ఖాళీ ప్రొఫైల్‌తో తెరుచుకుంటుంది, "అయ్యో, అన్నీ పోయాయి" అని మనం ఏడుస్తాం. పాత ప్రొఫైల్ పక్కనే చెక్కుచెదరకుండా ఉంటుంది.

నల్లమల_నీడ
నాకు సరిగ్గా ఇదే జరిగింది. మూడు రోజులు ఒక్కో సైటులో "ఫర్‌గాట్ పాస్‌వర్డ్" నొక్కుకుంటూ కూర్చున్నాను. తర్వాత ఎవరో చెబితే అబౌట్ కోలన్ ప్రొఫైల్స్ అని కొట్టి చూశాను. పాత ప్రొఫైల్ అక్కడే ఉంది. దాన్ని డిఫాల్ట్ చేశాను, అన్నీ తిరిగొచ్చాయి. కానీ అప్పటికే సగం సైట్లలో పాస్‌వర్డ్‌లు మార్చేశాను కాబట్టి ఆ పాతవి ఇక పనికిరాలేదు.

లెక్కలపుస్తకం
చూశాను. జాబితాలో 43 ఉన్నాయి. మెయిల్ ఉంది, బ్యాంకు ఉంది, షాపులవి 14కి 14 ఉన్నాయి! మా ఆయన్ని నిద్రలేపి చూపించాను. మరి నింపట్లేదెందుకు?

కొత్తిమీర_కట్ట
హమ్మయ్య. ముందు ఆ 14 ఒక పుస్తకంలో రాసుకోండి అక్కా, తర్వాతే మిగతా మరమ్మతు.

డల్లాస్_దోసె
పుస్తకం ఎందుకండీ, ఆ పేజీలోనే పైన మూడు చుక్కల మెనూలో ఎక్స్‌పోర్ట్ ఉంటుంది. అన్నీ ఒకే ఫైల్‌లోకి వస్తాయి.

ఓరుగల్లు_టెక్
@డల్లాస్_దోసె నిజమే అన్నా, కానీ ఆ సీఎస్‌వీ ఫైల్‌కి తాళం ఉండదు. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే 43 పాస్‌వర్డ్‌లూ పచ్చిగా కనపడతాయి. డెస్క్‌టాప్ మీద మర్చిపోతే రేపు మళ్లీ రిపేరుకు ఇచ్చినప్పుడు షాపువాళ్ల చేతికి వెళ్తుంది. అవి అక్క సొంతవి మాత్రమే కాదు, నమ్మి ఇచ్చిన 14 మందివి. పెన్‌డ్రైవ్‌లోకి ఎక్స్‌పోర్ట్ చేసి, దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసుకుంటే సరే. ఈ లెక్కన కొత్తిమీర_కట్ట గారి పుస్తకం కూడా మంచి సలహానే.

అక్కా, ఇప్పుడు మూడు ప్రశ్నలు. హిస్టరీ తెరిస్తే నిన్న చూసిన సైట్లు కనపడుతున్నాయా? ఫైర్‌ఫాక్స్ మూసి తెరిస్తే మెయిల్ మళ్లీ లాగిన్ అడుగుతోందా? ఎక్స్‌టెన్షన్లు, అంటే బ్రౌజర్‌కి అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్‌లు, ఏమైనా ఉంటే పనిచేస్తున్నాయా?

సర్కారుతుమ్మ
ఈలోగా నా గోడు కూడా వినండి. నాది క్రోమ్. మా తమ్ముడు విండోస్ పాస్‌వర్డ్ మర్చిపోతే, తెలిసినతను ఎవరో ఒక బూటబుల్ డిస్క్‌తో దాన్ని బలవంతంగా మార్చి ఇచ్చాడు. కంప్యూటర్ తెరుచుకుంది, సంతోషం. క్రోమ్‌లో దాచినవి మాత్రం ఒక్కటీ నిండలేదు.

ఓరుగల్లు_టెక్
@సర్కారుతుమ్మ విండోస్‌లో క్రోమ్ తన పాస్‌వర్డ్‌లకు వేసే తాళం మన విండోస్ లాగిన్‌తో ముడిపడి ఉంటుంది. పాత పాస్‌వర్డ్ తెలిసి మనమే మార్చుకుంటే ఆ తాళం కూడా కొత్తదానికి మారిపోతుంది. బయటినుంచి బలవంతంగా మారిస్తే పాత తాళం ఇక తెరుచుకోదు, లోపల డేటా ఉన్నా చదవలేం. తమ్ముడికి పాత పాస్‌వర్డ్ ఎప్పుడైనా గుర్తొస్తే మళ్లీ అదే పెట్టి చూడమనండి. గూగుల్ అకౌంట్‌తో సింక్ పెట్టుకొని ఉంటే అక్కడ ఇంకో కాపీ ఉంటుంది.

సర్కారుతుమ్మ
సింక్ ఉంది! ఫోన్‌లో చూస్తే అన్నీ కనపడుతున్నాయి. ఈ మాట అప్పుడే ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేది.

నల్లమల_నీడ
అన్నిసార్లూ మన కంప్యూటర్‌లోనే తప్పు ఉండాలని లేదు. 2024 జూలై 24, 25 తేదీల్లో విండోస్‌లో క్రోమ్ 127 వాడేవాళ్లు చాలామందికి దాచిన పాస్‌వర్డ్‌లు కనిపించకుండా పోయాయి. సుమారు 18 గంటల తర్వాత వాళ్లే సరిచేశారు. ఆ రోజు ఓపిగ్గా కూర్చున్నవాళ్లకి ఏమీ కాలేదు. అందుకే ఓరుగల్లు అన్న చెప్పినట్టు ముందు ఏదీ ముట్టుకోకుండా ఉండటం మంచిది.

లెక్కలపుస్తకం
@ఓరుగల్లు_టెక్ హిస్టరీ పూర్తిగా ఖాళీ. మూసి తెరిచిన ప్రతిసారీ మెయిల్ లాగిన్ అడుగుతోంది. ప్రకటనలు ఆపే ఎక్స్‌టెన్షన్ ఒకటి ఉండేది, గుర్తు కూడా కనపడట్లేదు. ఇవన్నీ వేరే వేరే సమస్యలు అనుకున్నాను.

ఓరుగల్లు_టెక్
మూడింటికీ మూలం ఒక్కటే. మీ ఫైర్‌ఫాక్స్ ఎప్పుడూ ప్రైవేట్ మోడ్‌లోనే, అంటే మూయగానే చూసినవన్నీ మర్చిపోయే పద్ధతిలోనే నడుస్తోంది.

సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ తెరవండి. హిస్టరీ అనే చోట "నెవర్ రిమెంబర్ హిస్టరీ" అని ఉంటుంది చూడండి. అలా పెడితే ప్రతి కిటికీ ప్రైవేట్ కిటికీనే. ప్రైవేట్ కిటికీలో ఫైర్‌ఫాక్స్ దాచిన పాస్‌వర్డ్‌ని తనంతట తాను నింపదు. మనం గడిలో నొక్కినప్పుడు మాత్రమే పట్టీలా కింద చూపిస్తుంది. మనం లాగిన్ అయ్యామని సైటుకి గుర్తుచేసే కుకీలు మూయగానే పోతాయి కాబట్టి మళ్లీ లాగిన్ అడుగుతుంది. ప్రైవేట్ కిటికీల్లో పనిచేయమని మనం ప్రత్యేకంగా అనుమతి ఇస్తే తప్ప ఎక్స్‌టెన్షన్లు కూడా నడవవు.

బందరు_బాబు
ప్రైవేట్ కిటికీ అయితే ఊదారంగు ముసుగు గుర్తు ఉంటుంది కదన్నా. అక్కకి కనపడి ఉండాలిగా.

ఓరుగల్లు_టెక్
మంచి ప్రశ్న. మనం విడిగా ప్రైవేట్ కిటికీ తెరిస్తే ఆ ముసుగు ఉంటుంది. ఈ సెట్టింగ్ ద్వారా శాశ్వతంగా ఆ మోడ్‌లోకి వెళ్తే ఉండదు, చూడటానికి మామూలు కిటికీలాగే ఉంటుంది. అందుకే కనిపెట్టడం కష్టం. అక్కా, "రిమెంబర్ హిస్టరీ"కి మార్చండి. రీస్టార్ట్ చేయమని అడుగుతుంది, సరే అనండి. అదే పేజీలో పాస్‌వర్డ్‌ల దగ్గర, ఆటోమేటిక్‌గా నింపమనే గడికి టిక్ ఉందో లేదో కూడా చూడండి.

కొత్తిమీర_కట్ట
ఒక మాట అడగొచ్చా? మా ఇంట్లో ఫైర్‌ఫాక్స్ తెరవగానే ఏదో పాస్‌వర్డ్ అడుగుతుంది. నేను క్యాన్సిల్ కొట్టేస్తాను. తర్వాత ఏ సైటులోనూ నింపదు.

నల్లమల_నీడ
అది ప్రైమరీ పాస్‌వర్డ్. పెట్టెకి వేసిన తాళం లాంటిది. క్యాన్సిల్ కొడితే పెట్టె తెరుచుకోదు, తెరుచుకోకపోతే లోపలిది ఎలా నింపుతుంది? ఎవరు పెట్టారో ఇంట్లో అడగండి. 2020 దాకా దాని పేరు మాస్టర్ పాస్‌వర్డ్.

కొత్తిమీర_కట్ట
మా అబ్బాయి పెట్టాడట. హాస్టల్‌కి వెళ్తూ చెప్పడం మర్చిపోయాడు. ఫోన్ చేసి అడిగితే చెప్పాడు. ఇప్పుడు నిండుతున్నాయి! మూడు నెలలుగా చేత్తో కొడుతున్నాను.

లెక్కలపుస్తకం
"నెవర్ రిమెంబర్" అనే ఉంది! మార్చి రీస్టార్ట్ చేశాను. మెయిల్ నిండింది. కరెంటు బిల్లు నిండింది. ఓరుగల్లు_టెక్ గారూ, మీకు చేతులెత్తి దండం పెడుతున్నాను.

కానీ రెండు మిగిలాయి. జీఎస్టీ సైటు ఇప్పుడు ధైర్యం చేసి తెరిస్తే గళ్లు ఖాళీగానే ఉన్నాయి. బ్యాంకు సైటు కూడా అంతే.

ఓరుగల్లు_టెక్
జీఎస్టీ సైటులో యూజర్‌నేమ్ గడి మీద ఒకసారి నొక్కండి. మీకు అక్కడ 14 పేర్లు ఉన్నాయి. ఒకే సైటుకి ఒకటి కంటే ఎక్కువ లాగిన్లు ఉంటే ఎవరిది నింపాలో ఫైర్‌ఫాక్స్‌కి తెలియదు, అందుకే తనంతట నింపదు. మీరు ఎంచుకోవాలి.

లెక్కలపుస్తకం
వచ్చాయి, 14 పేర్లూ వరుసగా వచ్చాయి. నిజమే, అక్కడ ముందు నుంచీ జాబితాలో ఎంచుకునేదాన్ని. కంగారులో ఆ సంగతే మర్చిపోయాను. బ్యాంకులో మాత్రం గడిలో నొక్కినా ఏమీ రావట్లేదు.

బందరు_బాబు
బ్యాంకు పాస్‌వర్డ్ చేత్తో కొట్టేయండి అక్కా. ఒక్కదానికి ఇంత అవసరమా?

పెన్నా_ఇసుక
కొట్టొద్దు! అక్కా, ఆగండి. ముందు అడ్రస్ చూడండి.

ఇది చెప్పడానికే ఇక్కడ రాస్తున్నాను. మా బాబాయికి "ఈ రాత్రికి కరెంటు కట్ చేస్తాం" అని మెసేజ్ వచ్చింది, కింద లింకు. నొక్కితే అచ్చం తన బ్యాంకు పేజీలాగే తెరుచుకుంది. ఎప్పుడూ పాస్‌వర్డ్ దానంతట అదే నిండేది, ఆ రోజు నిండలేదు. "ఈ బ్రౌజర్ ఎప్పుడూ ఇంతే" అని విసుక్కుంటూ చేత్తో కొట్టాడు, ఓటీపీ కూడా ఇచ్చాడు. కూతురి ఫీజు కోసం దాచిన డబ్బు పోయింది. మనిషి కంటికి రెండు పేజీలూ ఒకటే. బ్రౌజర్ చూసేది పేజీ రంగులు కాదు, అడ్రస్. అడ్రస్ వేరు కాబట్టే అది పాస్‌వర్డ్ ఇవ్వలేదు. ఆ రోజు ఆ ఇంట్లో సరిగ్గా పనిచేసింది అదొక్కటే. ఆ సంగతి బాబాయికి ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. నేనూ చెప్పలేదు, ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

అందుకే ఎప్పుడూ నిండే చోట నిండకపోతే ఒక్క నిమిషం చేతులు తీసేసి అడ్రస్ చదవండి. డబ్బు పోయినట్టు తెలిస్తే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. మేము మర్నాడు చేశాం, ఆలస్యమైపోయింది.

బందరు_బాబు
@పెన్నా_ఇసుక నా మాట వెనక్కి తీసుకుంటున్నాను అన్నా. ఈ కోణంలో ఆలోచించలేదు. బాబాయి ఇప్పుడు ఎలా ఉన్నారు?

పెన్నా_ఇసుక
బాగానే ఉన్నాడు. ఫోన్‌లో ఏ మెసేజ్ వచ్చినా ముందు నాకు చూపిస్తున్నాడు.

లెక్కలపుస్తకం
చదువుతుంటే ఒళ్లు జలదరించింది. నేను మెసేజ్ లింకు నుంచి వెళ్లలేదు, పాత బుక్‌మార్క్ నొక్కాను. అది తనంతట వేరే అడ్రస్‌కి తీసుకెళ్లింది. ఇదివరకు చివర డాట్ కామ్ ఉండేది. ఇప్పుడు బ్యాంకు పేరు, చుక్క, బ్యాంక్, చుక్క, ఇన్ అని ఉంది. ఇది దొంగదా?

డల్లాస్_దోసె
కాదండీ, అది అసలైనదే అయి ఉంటుంది. ఇక్కడ నాకూ ఇదే గందరగోళం, మన ఊళ్లోని ఖాతా తెరవబోతే పాస్‌వర్డ్ రాలేదు. దేశంలోని బ్యాంకులన్నీ తమ సైట్లను డాట్ బ్యాంక్ డాట్ ఇన్ కిందకి మార్చాలని రిజర్వ్ బ్యాంకు 2025లో ఆదేశించింది, ఆ ఏడాది అక్టోబర్ 31 గడువు. దొంగ సైట్లను గుర్తుపట్టడం తేలిక కావాలనే ఈ మార్పు.

ఓరుగల్లు_టెక్
అవును. ఆ పేర్లు ఇచ్చే అధికారం హైదరాబాద్‌లోని ఐడీఆర్‌బీటీకి మాత్రమే ఉంది, రిజర్వ్ బ్యాంకు నెలకొల్పిన సంస్థ అది. డబ్బు కడితే ఎవరికి పడితే వాళ్లకి దొరికే పేరు కాదు. ఫైర్‌ఫాక్స్ దగ్గర మీ పాస్‌వర్డ్ పాత డాట్ కామ్ పేరు మీద ఉంది, సైటు ఇప్పుడు కొత్త పేరుతో ఉంది. రెండూ ఒకే బ్యాంకువని దానికి తెలియదు, తెలియకపోవడమే మనకు రక్షణ.

అయితే చుక్కలు జాగ్రత్తగా చూడాలి. "బ్యాంక్" అనే మాటకి ముందు ఒక చుక్క, వెనక ఒక చుక్క ఉండాలి. ముందు చుక్క లేకుండా పేరుకి అతికించి "ఫలానాబ్యాంక్ డాట్ ఇన్" అని ఉంటే అది ఈ కోవలోది కాదు. బ్యాంక్ డాట్ ఇన్ తర్వాత ఇంకో చుక్క పెట్టి ఇంకేదో పేరు ఉన్నా కాదు. అడ్రస్ మొదట్లో https:// ఉంటే దాన్ని వదిలేసి, ఆ తర్వాత మొదటి వాలుగీటు (/) వచ్చేలోపు చివర ఉన్న మాటలే లెక్క.

సర్కారుతుమ్మ
చుక్క సంగతి మా ఇంట్లో అందరికీ చెబుతాను. మా అమ్మకి కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి చూపిస్తే అర్థమవుతుంది.

లెక్కలపుస్తకం
చుక్కలు మీరు చెప్పినట్టే ఉన్నాయి. పాస్‌బుక్ మీదున్న నంబరుకి ఫోన్ చేసి కూడా అడిగాను, మారిందన్నారు. మరి జాబితాలో ఆ పాత అడ్రస్ మార్చబోతే మార్చనివ్వట్లేదు. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ మాత్రమే మారుతున్నాయి.

ఓరుగల్లు_టెక్
అడ్రస్‌ని మార్చనివ్వదు. అదే పేజీలో కొత్త పాస్‌వర్డ్ చేర్చే బటన్ ఉంది. కొత్త అడ్రస్, పాత యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఇచ్చి దాచండి. లేదా ఒకసారి చేత్తో లాగిన్ అయితే దాచమంటారా అని అదే అడుగుతుంది.

నల్లమల_నీడ
చేత్తో చేర్చడమే మేలు. కొన్ని సైట్లు లాగిన్ నొక్కగానే మనం కొట్టిన పాస్‌వర్డ్‌ని గిలకొట్టి పంపిస్తాయి. బ్రౌజర్ పాపం ఆ గిలకొట్టినదాన్నే దాచుకుంటుంది. నా ఖాతా ఒకదానికి జాబితాలో చూస్తే 64 అక్షరాల పొడవున అంకెలు, అక్షరాలు ఉన్నాయి. ప్రతిసారీ అదే నింపడం, తప్పు పాస్‌వర్డ్ అనడం, మూడోసారికి ఖాతా లాక్ అవడం. జాబితాలో దాన్ని అసలైనదానితో మార్చాక బాగుపడింది.

డల్లాస్_దోసె
అసలు బ్యాంకు పాస్‌వర్డ్ బ్రౌజర్‌లో దాచడమే తప్పని నా అభిప్రాయం.

పెన్నా_ఇసుక
మా బాబాయి విషయం చూశాక నేను ఒప్పుకోను. దాచుకుంటే కనీసం దొంగ అడ్రస్‌లో నిండదు. గుర్తుపెట్టుకొని కొట్టేవాళ్లే ఎక్కడైనా కొట్టేస్తారు.

డల్లాస్_దోసె
ల్యాప్‌టాప్ ఎవరైనా ఎత్తుకెళ్తే?

ఓరుగల్లు_టెక్
అందుకే ఆ ప్రైమరీ పాస్‌వర్డ్. అది పెట్టకపోతే ప్రొఫైల్ ఫోల్డర్‌లోని రెండు ఫైళ్లు, లాగిన్స్ డాట్ జేసన్, కీ4 డాట్ డీబీ, ఎవరైనా కాపీ చేసుకుంటే చాలు, వేరే కంప్యూటర్‌లో తెరవొచ్చు. పెడితే అది లేకుండా తెరుచుకోవు. లెక్కలపుస్తకం అక్కా, మీ దగ్గర ఇతరుల పాస్‌వర్డ్‌లు ఉన్నాయి కాబట్టి మీకు ఇది తప్పనిసరి అనుకోండి. మర్చిపోతే మాత్రం తిరిగి తెచ్చే దారి లేదు, అది పుస్తకంలో రాసి బీరువాలో పెట్టండి.

లెక్కలపుస్తకం
పెట్టాను, రాసుకున్నాను. బ్యాంకుది కొత్తగా చేర్చాను, నిండుతోంది.

బందరు_బాబు
ఇంతకీ ఆ సెట్టింగ్ ఎవరు మార్చారు? షాపువాళ్లేనా?

లెక్కలపుస్తకం
19వ తేదీ రాత్రి రాస్తున్నాను. 14 రిటర్నులూ వేసేశాను, ఒకరోజు ముందే.

@బందరు_బాబు ఈ సాయంత్రం మా ఆయన షాపుకి వెళ్లి అడిగారు. అక్కడ పనిచేసే కుర్రాడు మార్చాడట. హిస్టరీ పేరుకుపోతే స్లో అవుతుందని, మళ్లీ పేరుకోకుండా అలా పెట్టానని చెప్పాడు. మంచి చేద్దామనే చేశాడు, పాస్‌వర్డ్‌ల సంగతి అతనికి తెలియదు. ఈ నెలలో ఇంకో ఆరు ల్యాప్‌టాప్‌లకి అలాగే పెట్టాడట. మా ఆయన అక్కడే కూర్చుని ఈ చర్చ మొత్తం అతనితో చదివించారు. రిజిస్టర్ తీసి ఆ ఆరుగురికీ ఫోన్లు చేయడం మొదలుపెట్టాడు. మా ఆయన వచ్చేసరికి నలుగురితో మాట్లాడాడు. వాళ్లలో ఒకావిడ అప్పటికే అన్ని పాస్‌వర్డ్‌లూ మార్చుకుంటూ కూర్చుని ఉందట.